డైపర్ బ్యాగ్ కొనే ముందు: బరంపురం నుంచి జయపురం దాకా తిరిగే తల్లులకు

కడుపుతో ఉన్నప్పుడే బిడ్డ సామాను కొనకూడదని మన పెద్దవాళ్లు పట్టుబడతారు. వాళ్ల కారణాలు వాళ్లవి గానీ, డైపర్ బ్యాగ్ మటుకు నిజంగానే ముందు కొనక్కర్లేదు. ఆసుపత్రికి ఇంట్లో ఉన్న ఏ బ్యాగైనా సరిపోతుంది. బిడ్డ తల్లిపాలతోనే సరిపెట్టుకుంటుందా, సీసా కూడా పడుతుందా, పగలు గుడ్డలూ రాత్రి డైపరూ అనే పద్ధతి మీ ఇంట్లో సాగుతుందా, సంచి మోసేది మీరా, మీవారా, అత్తగారా... ఇవన్నీ తేలడానికి ఓ నెల పడుతుంది. బారసాల అయ్యాక, ఆరో వారం టీకా లోపల కొనండి. అప్పటికి ఏం కావాలో మీకే తెలుస్తుంది, దుకాణం వాడు చెప్పక్కర్లేదు.

ఫోన్లో కనిపించే సలహాలు చాలామటుకు కారూ, తోపుడు బండీ ఉన్నవాళ్ల కోసం చెప్పినవి. బండికి తగిలించుకునే కొక్కేలు ఉన్నాయి చూడండి అంటూ మురిపిస్తారు. మన వీధుల్లో ఆ బండి నడిచేదెక్కడ? పుట్టిల్లు టెక్కలిలోనో పార్వతీపురంలోనో, అత్తారిల్లు బరంపురంలోనో రాయగడలోనో ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డని అత్తారింటికి తెచ్చింది మొదలు, ఏడాదంతా ఆంధ్రా, ఒడిశా సరిహద్దుకి అటూ ఇటూ తిరుగుడే. ఆటో, బస్సు, పాసింజరు, మళ్లీ ఆటో. ఒక చంకలో బిడ్డ, రెండో చేత్తో బస్సు కమ్మీ పట్టుకుని ఎక్కాలి. ఆ సమయంలో సంచి ఎక్కడుంటుంది, ఎవరి ఒంటి మీద ఉంటుంది అన్నదాన్ని బట్టే ఏది కొనాలో తేలుతుంది.

ముందు ప్రయాణాలు లెక్కేసుకోండి

మీరు బిడ్డతో చేసే ప్రయాణాలు మూడు రకాలు. టీకాకో డాక్టరు దగ్గరికో పోయి రెండు మూడు గంటల్లో తిరిగొచ్చేది ఒకటి. పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి చేరే పుట్టింటి ప్రయాణం రెండోది. పెళ్లికో మొక్కుకో వెళ్లి రాత్రి ఉండిపోవాల్సినది మూడోది. బ్యాగ్ రెండోదానికి కొనాలి. రాత్రి సామాను ఎలాగూ సూట్‌కేసులోకి పోతుంది, దానికోసం డైపర్ బ్యాగ్ పెద్దది కొంటే మిగతా రోజులన్నీ సగం ఖాళీ సంచి మోస్తారు.

20 నుంచి 25 లీటర్లు పట్టేది చాలు. బ్యాగ్ చీటీ మీద లీటర్లు రాసి లేకపోతే పొడవు, ఎత్తు, మందం సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి వెయ్యితో భాగించండి. 40, 33, 18 సెంటీమీటర్లుంటే దాదాపు 24 లీటర్లు.

మీ దారి ఎలాంటిదో కూడా చూసుకోండి. జయపురం నుంచి కొరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు వచ్చే బస్సులో మలుపు మలుపుకీ సామాను దొర్లుతుంది. అక్కడ కాళ్ల మధ్య నిలబడే అడుగున్న బ్యాగ్ కావాలి. పైన పెట్టింది బిడ్డ కక్కినప్పుడు అందదు. కొరాపుట్ ఎత్తులో ఉంటుంది కాబట్టి చలికాలం పొద్దుటి బస్సుకి టోపీ, సాక్సులు, మందపాటి దుప్పటి అదనం. సాలూరు దిగేసరికి అవన్నీ విప్పి లోపల పెట్టాలి. అంటే బయల్దేరినప్పుడే బ్యాగ్‌లో కాస్త ఖాళీ ఉండాలి. గుణుపురం, పర్లాకిమిడి, నౌపడా లైను సంగతి చూడండి. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య మొదలైన చిన్న రైలు అది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయి బండి పెద్దదైంది గానీ, బిడ్డకి గుడ్డ మార్చే చోటు మాత్రం సీటే. కాబట్టి మన బ్యాగ్‌లో కింద పరిచేది తప్పనిసరి.

సామానంతా మంచం మీద పరచండి

బ్యాగ్ చూడ్డానికి వెళ్లే ముందు రోజు ఈ పని చేయండి. డైపర్లకి నాదొక లెక్క ఉంది. ఇంటి గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా పట్టే గంటల్ని మూడుతో భాగించి, రెండు కలపాలి. తొమ్మిది గంటల దారికి ఐదు. బిడ్డకి రెండు నెలలు నిండకపోతే మూడు బదులు రెండుతో భాగించండి, ఆ వయసులో పాలు తాగిన ప్రతిసారీ తడిపేస్తారు. సైజు విషయంలో వయసుని నమ్మకండి, బరువు చూడండి. ప్యాకెట్ మీద న్యూబార్న్ అంటే 5 కిలోల దాకా, స్మాల్ అంటే 4 నుంచి 8, మీడియం అంటే 7 నుంచి 12 కిలోలు అని ఉంటుంది. రెండు సైజుల్లోకీ వచ్చే బరువైతే ప్రయాణానికి పెద్దది పెట్టండి, పక్కల నుంచి కారే బాధ తగ్గుతుంది.

తర్వాత గుడ్డలు. మెత్తబడ్డ పాత నూలు చీర ముక్కలు నాలుగు. పరవడానికి, కప్పడానికి, ఎండకి అడ్డం పెట్టడానికి, పాలు కక్కితే తుడవడానికి అన్నిటికీ అవే. బ్యాగ్‌తో పాటు ఉచితంగా ఇచ్చే మ్యాట్ చూడముచ్చటగా ఉంటుంది, మూడు నెలల బిడ్డ కాళ్లు దాని బయటే ఉంటాయి. మందుల దుకాణంలో దొరికే రబ్బరు షీటు రెండడుగుల ముక్క కోయించుకుని, పైన చీర ముక్క వేసి చుట్ట చుట్టి పెట్టుకోండి. వట్టి రబ్బరు మీద బిడ్డని పడుకోబెట్టకూడదు, చెమటకి ఒళ్లు పొక్కుతుంది. రెండు జతల బట్టలు. మీకోసం ఒక జాకెట్టో కుర్తీయో, ఎందుకంటే బిడ్డ కక్కేది తన బట్టల మీద కన్నా మీ భుజం మీదే ఎక్కువ. వైప్స్ నిండు ప్యాకెట్ బరువు. అందులోంచి పదిహేనో ఇరవయ్యో జిప్ ఉన్న చిన్న కవర్లో వేసుకోండి. రాపిడికి జింక్ ఆక్సైడ్ క్రీమ్ చిన్న ట్యూబు. పౌడర్ డబ్బా ఇంట్లోనే ఉంచేయండి, ఆ దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం మంచిది కాదని పిల్లల డాక్టర్లు అంటూనే ఉన్నారు.

పాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బ్యాగ్ అమ్మేవాళ్లు ముందుగా చూపించేది సీసాల అరలే. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీ బిడ్డ తల్లిపాలే తాగుతుంటే ఆ అరలకి మొదటి ఆరు నెలలూ పని లేదు. గ్రైప్ వాటర్ సీసా, ఉగ్గుగిన్నె కూడా అప్పటిదాకా ఇంట్లోనే. ఆ చోట మీ నీళ్ల సీసా పెట్టుకోండి, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. పక్కన ఒక చున్నీ ఉంటే బస్సులో పాలు పట్టేటప్పుడు ఇబ్బంది ఉండదు.

డబ్బా పాలు పట్టేవాళ్ల లెక్క వేరు. కలిపిన పాలు బ్యాగ్‌లో మోయకండి, అందులోనూ మే నెలలో. ఫ్లాస్కులో మరిగించిన వేడినీళ్లు, కొలిచిన పొడి విడిగా పొడి డబ్బాల్లో, కాచిన సీసాలు మూతలు పెట్టి తీసుకెళ్లి, కావలసినప్పుడు కలపండి. పొడి కలిపే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, అందుకే ఫ్లాస్కు నాణ్యమైనది కావాలి. కలిపాక చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. బిడ్డ నోరు పెట్టిన పాలు గంట దాటితే పారబోయాలి, మిగిలాయని దాచకండి. తల్లిపాలు పిండి తీసుకెళ్లేవాళ్లకి, 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలుంటాయన్న లెక్క మన ఎండల్లో పనికిరాదు. ఐసు ప్యాకులతో, వేడి చొరబడని చిన్న సంచిలో పెడితే ఒక రోజు దాకా ఉంటాయి. ఆ చిన్న సంచి పట్టేంత చోటు పెద్ద బ్యాగ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. ఆరు నెలలు దాటాక స్టీలు డబ్బాలో రాగి జావో మెత్తటి అన్నమో, గిన్నె, చెంచా చేరతాయి. తేనె మాత్రం ఏడాది నిండే దాకా నాకించవద్దు, ఎంత పెద్దావిడ చెప్పినా సరే.

ఇదంతా మంచం మీద ఒక పక్కకి చేరాక చూస్తే, మీరు ఊహించుకున్న దానికన్నా తక్కువే ఉంటుంది. అన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని బజారుకి వెళ్లండి. బొమ్మ చూసి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కూడా ఈ సామాను కొలతలు రాసుకుని, తిరిగి పంపే గడువు ఎన్నాళ్లో చూసుకునే కొనండి.

మోసేది ఎవరు?

మూడో నెల బిడ్డ ఐదారు కిలోలుంటుంది. దానికి తోడు నిండు బ్యాగ్ మూడున్నర కిలోలు దాటితే మనిషి నడవలేదు. కాబట్టి ఖాళీ బ్యాగ్ 800, 900 గ్రాములకు మించకూడదు. తోలు బ్యాగులూ, లోపల గట్టి అట్టలు కుట్టినవీ ఇక్కడే ఓడిపోతాయి.

వీపుకి తగిలించుకునే బ్యాగే మంచిదని అందరూ అంటారు. చుడీదారు వేసుకునే అమ్మాయికి అవును. చీర కట్టుకునేవాళ్లకి కాదు. రెండు పట్టీలూ వేసుకుంటే పమిట నలిగి కిందికి లాగుతుంది, పాలు పట్టాలంటే ముందు బ్యాగ్ దించాలి. బిడ్డని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు తోడొచ్చేది తరచూ అత్తగారో అమ్మో, వాళ్లు చీరల్లోనే ఉంటారు. అందుకని వీపు పట్టీలతో పాటు పైన చేత్తో పట్టుకునే గట్టి పిడి, పక్కన భుజానికి వేసుకునే పొడుగు పట్టీ, మూడూ ఉన్నది చూడండి. రెండేళ్లకోసారి బరంపురంలో వచ్చే ఠాకురాణీ యాత్ర జనంలోకో, రాయగడ మజ్జిగౌరమ్మ గుడి వరసలోకో బిడ్డతో వెళ్తే అదే బ్యాగ్‌ని ముందుకి, పొట్ట మీదికి తిప్పుకోవచ్చు. జిప్పు కళ్ల ముందే ఉంటుంది.

ఇక మీవారు. గులాబీ రంగు మీద ఏనుగు బొమ్మలున్న బ్యాగ్ ఆయన భుజానికి ఎక్కదు, ఏదో ఒక సాకు చెప్పి మీకే ఇస్తారు. ముదురు నీలం, బూడిద, ఆలివ్ ఆకుపచ్చ, ఏ మగవాడైనా ఆఫీసు బ్యాగ్ అనుకుని వేసుకునే రంగు ఎంచుకుంటే మోత సగం తగ్గుతుంది. ఇది తమాషాకి చెప్తున్న మాట కాదు.

దుకాణంలో పరీక్షలు

బరంపురం బడాబజార్లో తెలుగులోనే బేరమాడొచ్చు, కాబట్టి మొహమాటం లేకుండా అన్నీ విప్పించి చూడండి. వెయ్యి లోపు నుంచి నాలుగైదు వేల దాకా ఉంటాయి. ధర చూసి నాణ్యత అంచనా వేయకండి, ఇవి చూడండి.

మీ సామానంతా అందులో సర్ది నేల మీద పెట్టండి. వదలగానే అడుగు లేని గోనెసంచిలా కూలబడితే వద్దు. తర్వాత ఎడమ చేతిని వీపు వెనక పెట్టుకుని ఒక్క కుడి చేత్తో జిప్పు తీసి, డైపరు ఒకటి తీసి, మళ్లీ మూయండి. మూలల దగ్గర జిప్పు ఆగితే ఇంట్లో కూడా అక్కడే ఆగుతుంది. ఇనప జిప్పు వద్దు. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ పళ్ల జిప్పు మేలు. ఏ జిప్పయినా బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క రుద్దితే కదులుతుంది.

పట్టీ బ్యాగ్‌కి అతికే చోటే మొదట తెగుతుంది. అక్కడ నాలుగు పలకలుగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టు ఉండాలి. ఒకే వరస కుట్టుంటే పక్కన పెట్టేయండి. వేలితో నీళ్ల చుక్క బట్ట మీద వేయండి. ముత్యంలా నిలబడితే మంచిది, రెండు నిమిషాల్లో ఇంకితే వానాకాలంలో లోపలి బట్టలన్నీ తడుస్తాయి. లోపలి లైనింగ్ లేత రంగులో ఉండాలి. నల్ల లైనింగ్‌లో నల్ల మూతున్న ట్యూబు బస్సు చీకట్లో దొరకదు. తోలు లాంటి మెరుపున్న రెగ్జిన్ బ్యాగులు దుకాణంలో మహా అందంగా ఉంటాయి గానీ మన ఉక్కపోతకి ఏడాది రెండేళ్లలో పొరలు లేస్తాయి. ఆ రేకులు బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. చివరిగా ముక్కు లోపల పెట్టి వాసన చూడండి. ఘాటైన రసాయనాల వాసన వస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

అరల విషయంలో పద్దెనిమిది అరలున్నాయని చెప్పే బ్యాగ్‌ని చూసి మురిసిపోకండి. ఏ అరలో ఏముందో మీకే గుర్తుండదు, అత్తగారికి అసలు తెలియదు. వెడల్పుగా నోరు తెరుచుకునే పెద్ద అర ఒకటి, తడి గుడ్డలకి నీళ్లు కారని అర ఒకటి, వెనక వైపు వీపుకి ఆనుకునే జిప్పు అర ఒకటి, బయట రెండు పక్కలా సీసా అరలు. ఇవి చాలు. వెనక అరలోకి పర్సు, ఫోను, టీకా కార్డు పోతాయి, దొంగ చెయ్యి అక్కడికి చేరదు. పక్క అరలో మీ స్టీలు ఫ్లాస్కు పెట్టి చూడండి. చాలా బ్యాగుల్లో అది సన్నటి పాల సీసా కొలతకే కుట్టి ఉంటుంది.

అందం కూడా కావాలంటే

నచ్చిన బ్యాగ్ దొరకకపోతే కుట్టించుకోండి. నా ఓటు దీనికే. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో నూలుకి రంగు అద్ది నేసే బట్ట ఉంది. ఎర్రమట్టి రంగూ, ముదురు గోధుమ రంగూ, మధ్యలో పీతలూ చేపలూ లాంటి బొమ్మలు. ఆ బట్టకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరక పడినా కనిపించని రంగు, ఉతికితే నిలిచే నూలు, మగవాళ్లు వేసుకున్నా బాగుండే డిజైను. ప్రభుత్వ సహకార సంఘం నడిపే బొయనిక దుకాణాల్లో ఒడిశా చేనేత దొరుకుతుంది. మొత్తం బ్యాగ్ ఆ బట్టతో కుట్టిస్తే ఖరీదు ఎక్కువ, బలం తక్కువ. ముందు భాగమూ మూతా మాత్రం దాంతో, మిగతాది మందపాటి కాన్వాసుతో, లోపల నీళ్లు దిగని నైలాన్ లైనింగ్‌తో కుట్టించండి. బ్యాగులు కుట్టే దర్జీకి ఇవ్వండి, జాకెట్లు కుట్టే మిషను మందపాటి పట్టీ దగ్గర సూది విరుస్తుంది. పైన చెప్పిన కొలతలే చెప్పి, అడుగున తీసి ఉతకడానికి వీలుగా విడి ప్లాస్టిక్ పలక ఒకటి పెట్టమనండి. కాన్వాసునీ చేనేతనీ ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకులోనే ఒకటి ముడుచుకుని రెండోది ఉబ్బుతుంది.

బరంపురం పట్టు మిగిలిన ముక్క ఉంటే బారసాల రోజుకి చిన్న మూట సంచి చేయించుకోండి, రోజువారీ బ్యాగ్‌కి పట్టు వద్దు. ఉచ్చ తగిలిన పట్టు మళ్లీ మామూలుగా రాదు.

సర్దే తీరు

పెద్ద బ్యాగ్ లోపల చిన్న సంచి ఒకటి పెట్టండి. అందులో రెండు డైపర్లు, చుట్ట చుట్టిన రబ్బరు షీటు, వైప్స్ కవరు, క్రీమ్, వాడిన డైపరు చుట్టడానికి పాత పేపరూ కవరూ. రైల్లో బిడ్డ తడిపితే అదొక్కటే తీస్తే చాలు. టీకాకి వెళ్లే రోజు అదొక్కటే చేత్తో పట్టుకుపోవచ్చు. వాడిన డైపరు రైలు మరుగుదొడ్డిలో వేయకండి, ఇప్పుడన్నీ బయో టాయిలెట్లు, దారి మూసుకుపోతుంది. పేపర్లో చుట్టి, కవర్లో కట్టి, దిగాక చెత్తబుట్టలో వేయండి.

టీకా కార్డు గురించి సరిహద్దు తల్లులు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. కాన్పు శ్రీకాకుళంలో అయితే కార్డు తెలుగులో ఉంటుంది, తర్వాతి డోసు ఇటు ఒడిశాలో వేయిస్తే అక్కడి ఏఎన్‌ఎంకి ఆ రాత చదవడం కష్టం. పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌తో పాటు మిగతావి. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రూబెల్లా. ఏది ఏ తేదీన పడిందో ఇంగ్లీషు అంకెల్లో ఒక కాగితం మీద రాసి కార్డుకి పిన్ను చేయండి. రెండూ పారదర్శకమైన జిప్పు కవర్లో పెట్టి, ఫోన్లో ఫొటో కూడా తీసి ఉంచండి. ఇంకో సంగతి, జనన ధ్రువపత్రం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే ఇస్తారు, 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. టెక్కలిలో పుట్టిన బిడ్డ పత్రం కోసం బరంపురంలో తిరిగి లాభం లేదు. దాని జిరాక్సు కూడా ఆ కవర్లోనే.

అక్టోబరులో

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్ని కూడా అతలాకుతలం చేసింది. మన వైపు అక్టోబరు వచ్చిందంటే వార్తలు వింటూ ఉండాలి. హెచ్చరిక వినగానే ఈ బ్యాగ్‌నే తుపాను సంచిగా మార్చేయండి: మూడు రోజులకి సరిపడా డైపర్లు, ప్లాస్టిక్ కవర్లలో కట్టిన బట్టలు, కార్డు, బ్యాటరీ లైటు, ఛార్జ్ నిండిన పవర్ బ్యాంకు, మీకోసం అటుకులూ బెల్లం. డబ్బా పాల బిడ్డైతే మూత తీయని డబ్బా, కాచిన నీళ్లు. కరెంటు పోయాక డైపర్ దుకాణం తెరిచి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. తుపాను షెల్టర్లో ఉతికి ఆరేసే వీలు ఉండదు కాబట్టి గుడ్డల కన్నా డైపర్లే ఎక్కువ పెట్టండి.

ఇంటికి చేరాక

బ్యాగ్‌ని మూలన పడేసి మర్నాడు చూద్దాం అనుకోకండి. పాలు ఒలికిన లైనింగ్ రాత్రి తెల్లారేసరికి పులిసి కంపు కొడుతుంది. రాగానే అన్నీ బయటికి తీసి, లోపలి బట్ట బయటికి తిప్పి, తడి గుడ్డతో తుడిచి, వంటసోడా కలిపిన నీళ్లతో మరక రుద్ది నీడలో ఆరేయండి. ఎండలో పెడితే నీళ్లు ఆగే పూత పగులుతుంది. వానాకాలంలో అరల్లో పాత పేపరు ఉండలు కుక్కితే తేమ లాగేస్తుంది, బూజు పట్టదు. ఆరాక తగ్గిన డైపర్లు నింపి, చిన్న బట్టలు పొట్టివైపోయాయేమో చూసి మార్చి, గుమ్మం పక్కన మేకుకి తగిలించండి.